సందూక్ మీద రాసిన హుకుం

ఫర్మాన్, హుకుం, హిదాయత్, సిఫారిష్. ఉర్దూలో ఈ నాలుగు మాటలకీ నాలుగు రకాల బరువులున్నాయి. ఫర్మాన్ వచ్చిందంటే మారు మాట లేదు. హుకుం వస్తే పాటించాలి, కానీ పైవాడి దగ్గర అప్పీలు చేసుకునే గుంజాయిష్ ఉంటుంది. హిదాయత్ దారి చూపుతుంది, నడవాల్సింది మనమే. సిఫారిష్ అయితే "ఇలా చేస్తే బాగుంటుంది, ఆపైన మీ మర్జీ" అన్నట్టు. మా బడిలో అర్జీ రాయడం నేర్పిన ఉస్తాద్ ఈ ఫర్క్ పట్టుకోనివాడి కాగితం తిప్పి ఇచ్చేసేవారు. తర్వాత తెలుగులో డిగ్రీ చేస్తే అక్కడా ఆజ్ఞ, ఆదేశం, సూచన, సలహా అని మెట్లు కనిపించాయి. కంప్యూటర్ల దునియాలో మాత్రం ఇన్ని మెట్లు లేవు. అన్నింటికీ ఒకటే మాట: కమాండ్.

మాటల్లో ఈ గరీబీ వల్ల పుట్టిన చిక్కు ఒకటి మన పిల్లల ఉద్యోగాల్లో రోజూ ఎదురవుతుంది. దాని వెనక యాభై ఏళ్ల తారీఖ్ ఉంది. ఖాందాన్‌లో సాఫ్ట్‌వేర్ చేసే పిల్లలున్నవాళ్లు డాకర్, కుబర్నెటీస్ అనే పేర్లు దస్తర్‌ఖాన్ దగ్గర వినే ఉంటారు. "ఏం పని బేటా నీది?" అని అడిగితే "కంటైనర్లు నడుపుతా" అంటారు. అమ్మీ వాళ్లేమో లారీ ట్రాన్స్‌పోర్ట్ అనుకుంటారు.

పూర్తిగా తప్పు అనుకోవడం కూడా కాదు. 1956 ఏప్రిల్ 26న అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుంచి ఐడియల్ ఎక్స్ అనే జహాజ్ 58 పెద్ద లోహపు పెట్టెలతో హ్యూస్టన్‌కి బయల్దేరింది. లారీల మాలిక్ మాల్కమ్ మెక్లీన్ ఆలోచన అది. సరుకుని ఒక్కో మూటగా ఎక్కించి దించే బదులు పెట్టెని పెట్టెలాగే ఎక్కించడం. రేవులో సరుకు మోసే మజ్దూర్‌ని బ్రిటన్‌లో డాకర్ అంటారు. సాఫ్ట్‌వేర్ డాకర్‌కి పేరు అక్కడిదే. ఒక ప్రోగ్రాం నడవడానికి కావలసిన సామాన్ అంతా ఒకే పెట్టెలో సర్ది ఏ కంప్యూటర్‌కైనా పంపడమే దాని పని. సర్దిపెట్టిన అచ్చుని ఇమేజ్ అంటారు. ఆ అచ్చు నుంచి లేచి నడుస్తున్నదాన్ని కంటైనర్ అంటారు. ఒక అచ్చు నుంచి ఎన్ని కంటైనర్లైనా లేపొచ్చు.

ఇనప పెట్టెకీ దీనికీ ఒక ముఖ్యమైన ఫర్క్ ఉంది. బియ్యం బస్తాలకి ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ పెట్టె తెరవగానే లోపల ఏదో ఒక ప్రోగ్రాం లేవాలి. ఏది లేవాలి? సర్దినవాడు పెట్టె మీద ఒక చీటీ అంటిస్తాడు, "నడిపేవాడు ఏమీ చెప్పకపోతే ఇది నడపండి" అని. దీన్నే డిఫాల్ట్ కమాండ్ అంటారు. సర్దినవాడు ఒకడు, నడిపేవాడు ఇంకొకడు. ఒకడు పారిస్‌లో ఉండొచ్చు, రెండోవాడు గచ్చిబౌలిలో. వీళ్లిద్దరిలో ఆఖరి ఇఖ్తియార్ ఎవరిది అన్నదే ఇక్కడి సవాల్.

ఈ సవాల్ డాకర్‌తో పుట్టలేదు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. 1974 జులైలో ఆ ఇద్దరూ కలిసి దాని గురించి ఒక పరిశోధన వ్యాసం అచ్చు వేయించారు. కంప్యూటర్ చదువులో నేటికీ చదివించే వ్యాసం అది. అందులో నాకు బాగా నచ్చిన చోటు చాలామంది దాటిపోయే ఒక చిన్న భాగం.

అప్పటి ఇంతజామ్ ఇది. పాస్‌వర్డ్ ఫైల్‌లో ప్రతి మనిషికీ ఒక వరస ఉంటుంది. ఆ వరసలో, ఈ మనిషి లాగిన్ కాగానే ఏ ప్రోగ్రాం లేవాలో రాసుకోవచ్చు. మామూలుగా లేచేది షెల్. మనం టైపు చేసిన హుకుం అందుకుని తామీల్ చేసే ప్రోగ్రాం అన్నమాట. షెల్ బదులు ఇంకేదైనా రాయొచ్చు. చదరంగం, బ్లాక్‌జాక్ లాంటి ఆటలకి అలాగే విడిగా పేర్లు పెట్టారు. ఆ పేరుతో లాగిన్ అయినవాడికి ఆట తప్ప ఏమీ దొరకదు. ఆట ముగిస్తే బయటికే. మిగతా యూనిక్స్‌లో ఏముందో తొంగి చూసే వీలు లేదు. అంటే డిఫాల్ట్ హుకుం ఒక చేత్తో సహూలత్, ఇంకో చేత్తో ఖైదు. ఇది 1974 నాటికే వాళ్లకి సాఫ్‌గా తెలుసు.

దానికంటే దిల్‌చస్ప్ సంగతి సెక్రటరీలది. ఆఫీసులో ఉత్తరాలు, దస్తావేజులు టైపు చేసేవాళ్లకి లాగిన్ కాగానే నేరుగా ఎడిటర్ లేచేలా పెట్టారు. వచ్చి కూర్చున్న వెంటనే పని మొదలుపెట్టొచ్చు, తమకి సంబంధం లేని ప్రోగ్రాంల జోలికి పోకుండానూ ఆపొచ్చు. కాగితం మీద బ్రహ్మాండమైన ఇంతజామ్. ఆచరణలో ఏమైందో వాళ్లే రాశారు. టైపు చేసినదాన్ని అందంగా పేర్చే ప్రోగ్రాం ఎడిటర్ బయట ఉంది. దాన్ని నడపాలంటే కాసేపు ఎడిటర్ దాటాలి. కనుక తాత్కాలికంగా బయటికెళ్లి వచ్చే దారి ఒకటి వదలడమే మంచిదని తేలింది.

నా లెక్కలో కంటైనర్ల కథ అసలు మొదలైంది ఆ దారి దగ్గరే. డిఫాల్ట్ రాసేవాడు ఎంత తెలివైనవాడైనా ఎదుటివాడి రేపటి జరూరత్ మొత్తం ఊహించలేడు. పత్రికా ఆఫీసులో నైట్ డెస్క్ మీద పనిచేసినవాళ్లకి ఇది కొత్త కాదు. సాయంత్రం వెళ్లిపోయే ఇన్‌ఛార్జి "ఏం రాకపోతే ఈ ఐటమ్ పెట్టేయండి" అని చీటీ రాసి పోతాడు. రాత్రి పదకొండింటికి ఏం వస్తుందో అతనికి తెలియదు. ఆ చీటీని పక్కన పెట్టే ఇఖ్తియార్ నైట్ డెస్క్‌కి లేకపోతే తెల్లారి పేపర్ చూసి ఊరంతా నవ్వుతుంది.

యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని లేపే విధానం కూడా దీనికి కలిసొచ్చింది. ముందు తన నకలు ఒకటి తయారుచేయడం, తర్వాత ఆ నకలు తనని తాను చెరిపేసుకుని కొత్త ప్రోగ్రాంగా మారడం. ఈ రెండు అడుగులకి ఫోర్క్, ఎగ్జెక్ అని పేర్లు. పీడీపీ-7 యంత్రం మీద ఫోర్క్‌కి పట్టింది సరిగ్గా 27 వరసల కోడ్ అని రిచీ తర్వాత రాశారు. రెండు అడుగుల మధ్య ఉన్న ఖాళీలో ఏ మార్పైనా చేసుకోవచ్చు. తెరవాల్సిన ఫైల్ మార్చొచ్చు, నడవాల్సిన గది మార్చొచ్చు. కంటైనర్ అనేది ఆ ఖాళీలో కట్టిన ఇల్లే.

గది మార్చడం అన్నానే, అది 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చింది. దాని పేరు సీహెచ్‌రూట్. ఒక ప్రోగ్రాంకి డిస్కులో ఒక మూల చూపించి "నీ దునియా మొత్తం ఇదే" అని నమ్మించడం. నేటి లినక్స్‌లో సీహెచ్‌రూట్ వాడి, లోపల ఏం నడపాలో చెప్పకపోతే షెల్ లేస్తుంది, చెబితే చెప్పింది లేస్తుంది. 2000 మార్చిలో ఫ్రీబీఎస్‌డీ 4.0తో పాల్ హెన్నింగ్ క్యాంప్ తెచ్చిన జెయిల్ ఇంకో మెట్టు పైకెళ్లింది. పేరులోనే జైలుంది. అందులో డిఫాల్ట్ లేనేలేదు. ఏ గది, ఏ పేరు, ఏ చిరునామా అన్నీ చెప్పి, చివర ఏ హుకుం నడపాలో కూడా ప్రతిసారీ నడిపేవాడే చెప్పాలి. ఇఖ్తియార్ మొత్తం అతనిదే, చాకిరీ కూడా అతనిదే.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కొస కూడా ఉంది. దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లడానికి 1995లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఎస్ఎస్‌హెచ్‌ది ఆ పద్ధతి. దాని సర్వర్ మాలిక్ ఒక్కో తాళంచెవికి ఒక్కో హుకుం కట్టేయగలడు. ఆ చెవితో వచ్చిన ముసాఫిర్ ఏ హుకుం అడిగినా, నడిచేది మాలిక్ రాసిందే. ముసాఫిర్ అడిగింది పక్కన ఒక పేరు కింద నమోదు అవుతుంది, మాలిక్ ప్రోగ్రాం దాన్ని చదివి ఒప్పుకుంటే ఒప్పుకుంటుంది, లేకపోతే లేదు. గిట్ కోడ్ దాచే సర్వర్లలో ఇది మామూలు ఏర్పాటు. అది నిఖార్సైన ఫర్మాన్.

లినక్స్ కెర్నల్ మాత్రం నడిపేవాడి వైపే మొగ్గింది. కంప్యూటర్ ఆన్ చేయగానే కెర్నల్ లేచి, మొదటి ప్రోగ్రాంగా ఇనిట్ అనే దాన్ని లేపుతుంది. మిగతా ప్రోగ్రాంలన్నీ దాని సంతానమే. ఆ ఇనిట్ పాడైతే? ఆన్ చేసేటప్పుడే "ఇనిట్ బదులు ఇది లేపు" అని ఒక్క మాట చేర్చొచ్చు. రూట్ పాస్‌వర్డ్ మరిచిపోయిన అడ్మిన్లు దశాబ్దాలుగా ఈ దర్వాజా నుంచే లోపలికెళ్తున్నారు. ఏ ఇనిటూ దొరకనప్పుడు కెర్నల్ చచ్చిపోతూ చెప్పే ఆఖరి మాటలో కూడా ఈ దారి గుర్తుచేస్తుంది. చావుబతుకుల్లో కూడా హిదాయత్ ఇచ్చే ప్రోగ్రాం!

ఇక 2013 మార్చి. అమెరికాలోని శాంటా క్లారాలో పైథాన్ భాషవాళ్ల సమావేశం పైకాన్. డాట్‌క్లౌడ్ అనే చిన్న కంపెనీ నుంచి వచ్చిన సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల ప్రసంగంలో డాకర్‌ని చూపించాడు. లోపలి సామాన్ అంతా పాతదే. వనరులకి హద్దులు గీసే సీగ్రూప్స్ 2008 జనవరిలోనే లినక్స్‌లో చేరాయి. వాటి మీద ఎల్ఎక్స్‌సీ అనే కంటైనర్లు అదే ఏడాది వచ్చాయి. అయితే ఎల్ఎక్స్‌సీ దృష్టిలో కంటైనర్ అంటే ఒక చిన్న కంప్యూటర్. డిఫాల్ట్‌గా ఇనిట్‌నే లేపుతుంది, దాని వెంట ఒక చిన్న సంసారం లేస్తుంది. డాకర్ ఆ చూపు మార్చింది. కంటైనర్ అంటే కంప్యూటర్ కాదు, ఒక పని. ఆ పని చేసే ప్రోగ్రాం లేస్తే కంటైనర్ లేస్తుంది, అది ముగిస్తే కంటైనర్ ముగుస్తుంది. ఇనిట్‌కి ఇచ్చే ఒకటో నంబర్ కుర్చీలో ఇప్పుడు ఆ ప్రోగ్రామే కూర్చుంటుంది.

దాంతో చీటీ మీద ఏం రాసి ఉంది అన్నది జిందగీ మౌత్ సవాల్ అయిపోయింది. ఇక్కడే ఆ మాటల గరీబీ దెబ్బ కొట్టింది. చీటీ రాయడానికి డాకర్ రెండు ఖానాలు పెట్టింది. ఒకటి సీఎండీ, అంటే కమాండ్. రెండోది ఎంట్రీపాయింట్.

పేరు చూసి కమాండ్ గట్టిది అనుకుంటాం. అసలు సంగతి ఉల్టా. సీఎండీ ఉత్త సిఫారిష్. నడిపేవాడు డాకర్ రన్, ఇమేజ్ పేరు రాసి, దాని పక్కన ఇంకేదైనా రాస్తే చాలు, సీఎండీ మొత్తం పక్కకి పోతుంది. ఉబుంటు ఇమేజ్ మీద సీఎండీగా బ్యాష్ అనే షెల్ రాసి ఉంటుంది. ఊరికే నడిపితే బ్యాష్ లేస్తుంది, మాట్లాడే మనిషిని తగిలించకపోతే చేసేదేమీ లేక వెంటనే ముగిస్తుంది. కొత్తవాళ్లు "లేవట్లేదు" అని పరేషాన్ అయ్యేది ఇక్కడే. అదే వరస చివర ఎల్ఎస్ అని రాస్తే బ్యాష్ రాదు, ఫైళ్ల జాబితా వస్తుంది. ఒక ఇమేజ్‌కి నాలుగు సీఎండీలు రాసినా చివరిదే చెల్లుతుంది.

ఎంట్రీపాయింట్ బరువు వేరు. అది హుకుం. అది ఉన్నప్పుడు నడిపేవాడు పక్కన రాసింది కొత్త హుకుం కాదు, పాత హుకుంకి తగిలించే మాట అవుతుంది. సీఎండీ కూడా అప్పుడు తోకగా మారిపోతుంది, ఆ తోకని మార్చొచ్చు, తలని కాదు. ఒక బొమ్మని చిన్నది చేసే పనిముట్టు ఉందనుకోండి, పనిముట్టు పేరు ఎంట్రీపాయింట్‌లో రాసేసి, ఏ బొమ్మ అన్నది నడిపేవాడికి వదలొచ్చు. తల మార్చాలంటే ఎంట్రీపాయింట్ అనే పేరు పెట్టి మరీ అడగాలి. అడిగితే డాకర్ ఇస్తుంది. పాత సీఎండీని కూడా చెరిపేస్తుంది, పాత తోక కొత్త తలకి అంటుకోకుండా. కాబట్టి ఎంట్రీపాయింట్ ఫర్మాన్ కాదు. డాకర్‌లో ఇమేజ్ సర్దినవాడికి ఫర్మాన్ ఇచ్చే హోదా లేదు. బాగా ఆలోచించి తీసుకున్న ఫైసలా అని నాకనిపిస్తుంది.

ఇంకొక్క మాట, ఈ మార్పంతా ఆ ఒక్క కంటైనర్‌కే. ఇమేజ్ మీది చీటీ అలాగే ఉంటుంది, లోపలి సామాన్ ఒక్క బైటూ కదలదు. రేపు ఏమీ చెప్పకుండా నడిపితే పాత హుకుమే నడుస్తుంది.

దీని విలువ నాకు అర్థమైంది ఒక మూతపడ్డ పత్రిక వల్ల. నేను కొన్నేళ్లు రాసిన ఆ పత్రిక వెబ్‌సైట్ ఆగిపోయినప్పుడు, దాన్ని చూసుకునే కుర్రాడు మొత్తం సైట్‌ని ఒక ఇమేజ్‌గా కట్టి మాలో కొందరికి పంపాడు. అందులో నేను పాత బస్తీ ముసలివాళ్లతో, జిల్లాల్లోని పాత ఉర్దూ ఉస్తాదులతో చేసిన ఇంటర్వ్యూలున్నాయి. చాలామంది ఇప్పుడు లేరు. ఆ మాటలకి నా దగ్గర ఇంకో నకలు లేదు. నడిపితే కంటైనర్ లేస్తుంది, డేటాబేస్ కోసం వెతుకుతుంది, ఆ డేటాబేస్ సర్వర్ ఎప్పుడో పోయింది కనుక అర నిమిషం ఇంతెజార్ చేసి చచ్చిపోతుంది. ఎన్నిసార్లు లేపినా అంతే.

మా భాంజా చూసి, "ఠైరో మామూ, దీన్ని లేపాలని ఎందుకు చూస్తున్నారు? మీకు కావాల్సింది సైట్ కాదు గదా, లోపలి కాగితాలు" అన్నాడు. ఎంట్రీపాయింట్ బదులు షెల్ పెట్టి నడిపాడు. డేటాబేస్ గురించి ఎవరూ అడగలేదు. నల్ల తెర మీద ఒక గుర్తు మెరుస్తూ ఆగింది. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరుస్తూ పోతే, పాఠకులకి త్వరగా చూపించడానికి సైట్ దాచుకున్న తయారు పేజీలు ఒక మూల దొరికాయి. మూడొందల చిల్లర. కంటైనర్‌ని అసలు లేపకుండానే ఫైళ్లు బయటికి తీసే పద్ధతి కూడా ఉందట. కానీ ఏ ఫైల్ ఏ మూలుందో తెలియనప్పుడు లోపలికెళ్లి వెతకాల్సిందే అన్నాడు వాడు. ఆ పేజీల్లో కొన్ని ఇదే బ్లాగులో మళ్లీ పెట్టాను.

అన్ని సందూకులూ ఇంత తేలిగ్గా తెరుచుకోవు. చీటీ రాసే పద్ధతులు కూడా రెండున్నాయి, అక్కడొక మోసం దాగి ఉంది. చదరపు బ్రాకెట్లలో మాట మాటా విడదీసి రాస్తే ఆ ప్రోగ్రాం నేరుగా లేస్తుంది. మామూలు వాక్యంలా రాస్తే ముందు ఒక షెల్ లేచి అది ప్రోగ్రాంని లేపుతుంది. ఎంట్రీపాయింట్‌ని ఈ రెండో పద్ధతిలో రాస్తే నడిపేవాడు పక్కన ఏం రాసినా డాకర్ పట్టించుకోదు. తప్పని చెప్పదు, వద్దని చెప్పదు. విని, వదిలేస్తుంది. నా మట్టుకు నాకు మొహమ్మీద "కుదరదు" అనే అధికారే నయం.

ఆపేటప్పుడు కూడా ఇదే గొడవ. డాకర్ స్టాప్ అంటే ముందు "ఇక సర్దుకో" అనే ఇషారా వెళ్తుంది, మామూలుగా పది సెకన్ల మొహలత్ ఇచ్చి, అప్పటికీ ఆగకపోతే చంపేస్తుంది. ఇషారా అందేది ఒకటో నంబర్ కుర్చీకే. ఆ కుర్చీలో షెల్ ఉంటే అది వెనకున్న ప్రోగ్రాంకి కబురు చేరవేయదు. పాపం ఆ ప్రోగ్రాం రాస్తున్న ఫైల్ మూయకుండానే పోతుంది. తర్వాత చూస్తే 137 అనే అంకె మిగులుతుంది, 128కి చంపే సిగ్నల్ నంబర్ 9 కలిపితే వచ్చేది. అందుకే ఎరిగినవాళ్లు ఎంట్రీపాయింట్‌గా ఒక చిన్న స్క్రిప్ట్ రాసినా, చివరి వరసలో ఎగ్జెక్ పెట్టి కుర్చీ అసలు ప్రోగ్రాంకి ఇచ్చేస్తారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అధికారిక ఇమేజ్‌లోని స్క్రిప్ట్ దీనికి మంచి మిసాల్. మొదటిసారి లేస్తే ఇల్లు సర్దుతుంది, నడిపేవాడు ఇచ్చింది ఆప్షన్ అయితే ముందు పోస్ట్‌గ్రెస్ పేరు చేరుస్తుంది, వేరే హుకుం అయితే దాన్నే నడుపుతుంది, చివరికి ఎగ్జెక్ చేసి తాను తప్పుకుంటుంది. మేజ్బాన్ అంటే అలా ఉండాలి.

2014 జూన్‌లో గూగుల్ కుబర్నెటీస్‌ని బయటపెట్టింది. వందలాది కంప్యూటర్ల మీద కంటైనర్లని నడిపించే పెద్ద మేస్త్రీ అది. పేర్ల గందరగోళాన్ని తగ్గించే మౌకా దొరికిందనుకుంటే, పెంచింది. అందులో కమాండ్ అని రాస్తే అది మార్చేది ఇమేజ్‌లోని కమాండ్‌ని కాదు, ఎంట్రీపాయింట్‌ని. సీఎండీని మార్చాలంటే ఆర్గ్స్ అని రాయాలి. ఇక్కడి కమాండ్ అక్కడి కమాండ్ కాదు! ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లల్ని ఈ ప్రశ్న ఎందుకు అడుగుతారో మా భాంజా చెబితే గానీ అర్థం కాలేదు. 2015 జూన్‌లో కంపెనీలన్నీ కలిసి ఓపెన్ కంటైనర్ ఇనిషియేటివ్ అని ఏర్పాటుచేసుకుని నియమాలు రాసుకున్నాయి. ఆ నియమాల్లో ఇమేజ్ వైపు రెండు ఖానాలూ అలాగే ఉన్నాయి. తీరా కంటైనర్‌ని లేపే సమయానికి రెండూ కలిసి ఒకే వరసగా మారతాయి. కెర్నల్‌కి అందేది ఆ ఒక్క వరసే. ఏ మాట సర్దినవాడిది, ఏ మాట నడిపినవాడిది అన్నది దానికి అనవసరం.

ఇప్పటి రుజువు ఇంకో వైపు పోతోంది. లోపల షెల్ ఉంటే దొంగకి కూడా పనికొస్తుందని, గూగుల్ వాళ్ల డిస్ట్రోలెస్ లాంటి ఇమేజ్‌లు షెల్‌ని తీసేశాయి. వాటిలో ప్రోగ్రాం, దానికి కావలసిన నాలుగు ఫైళ్లు తప్ప ఏమీ ఉండవు. ఇఖ్తియార్ నడిపేవాడిదే, ఎంట్రీపాయింట్ మార్చమంటే డాకర్ మారుస్తుంది. కానీ షెల్‌ని పిలిస్తే పలకడానికి లోపల ఎవరూ లేరు. 127 అనే అంకె ఇచ్చి ముగిస్తుంది, "అడిగిన ప్రోగ్రాం దొరకలేదు" అని దాని మతలబ్. మా పత్రిక సైట్‌ని అలాంటి ఇమేజ్‌లో కట్టి ఉంటే భాంజా ఆ రాత్రి అంత తేలిగ్గా ఇంటికెళ్లేవాడు కాదు.

దానికీ తోవ వెతికారు. 2022 ఆగస్టు నాటి కుబర్నెటీస్ 1.25తో ఎఫెమెరల్ కంటైనర్లు పక్కా అయ్యాయి. నడుస్తున్న కంటైనర్‌ని ముట్టుకోకుండా, దాని పక్కనే పనిముట్లున్న ఇంకో కంటైనర్‌ని కాసేపు నిలబెట్టి, అక్కడి నుంచి మొదటిదాని లోపలి ప్రోగ్రాంలని చూడటం. పని అయ్యాక దాన్ని మళ్లీ లేపడానికి ఉండదు, ఆ పాడ్ ఉన్నంతకాలం దాని పేరు మాత్రం రికార్డులో ఉంటుంది.